ఒగ్గీ, బావా

జాలారిపేటలో గురువులు తాతని కదిపితే చాలు, కథ మొదలెడతాడు. కారణం అక్కర్లేదు. చేపలు బాగా పడ్డాయన్నా అదే కథ, పడలేదన్నా అదే కథ. వయసు మీద పడ్డా మెడ మాత్రం ఎద్దు మెడలాగే ఉంది. ముక్కు రెండుచోట్ల వంకర. మొదటి వంకర సన్యాసిరాజు పెట్టిందనీ, రెండోది కూడా ఆ మహానుభావుడి చలవేననీ వేలు పెట్టి మరీ చూపిస్తాడు. తన ముక్కు విరగ్గొట్టినవాణ్ణి ఇంత ముద్దుగా తలుచుకునే మనిషి ఈ పేటలో ఇంకొకడు లేడు.

ఎనభైల్లో విశాఖపట్నంలో బాక్సింగ్ అంటే వీళ్ళిద్దరే. గురువులు సముద్రం వైపువాడు, వల లాగిన చేతులు. సన్యాసిరాజు సింహాచలం కొండ వెనక ఊరి రైతుబిడ్డ, నాగలి పట్టిన చేతులు. ఇద్దరిదీ ఒకే బరువు, ఒకే ఈడు, ఒకే పొగరు. వాళ్ళు తలపడిన రోజున ఊరు రెండుగా చీలిపోయేది. పేటవాళ్ళు వేట మానుకుని వచ్చి స్టేడియంలో ఒక పక్కన కూర్చునేవారు. కొండ వెనక ఊళ్ళవాళ్ళు లారీలెక్కి వచ్చి రెండో పక్కన దిగేవారు. మధ్యలో పోలీసులు చేతులు నలుపుకుంటూ నిలబడేవారు. మొదటి పోటీ గురువులుది. తర్వాతి రెండూ సన్యాసిరాజువి. ఇక చివరిది గెలిచినవాడే రాష్ట్రం తరఫున ఢిల్లీ వెళ్ళాలి, వెళ్ళినవాడికి పోర్టులో ఉద్యోగం ఖాయం. అంటే ఆ రోజు గెలిచినవాడి బతుకు ఒక దారిన, ఓడినవాడి బతుకు ఇంకో దారిన పోతుందని ఇద్దరికీ తెలుసు.

మూడో రౌండులో ఇద్దరూ అలిసిపోయి ఒకరినొకరు వాటేసుకున్నారు. సన్యాసిరాజు గడ్డం గురువులు భుజం మీద ఆనింది. పళ్ళకు పెట్టుకున్న రబ్బరు ముక్క అడ్డం వస్తున్నా మాట మాత్రం చెవిలో స్పష్టంగా పడింది.

"ఒగ్గీ, బావా."

మన వైపు ఒగ్గీ అంటే వదిలెయ్ అని. పెద్దవల ఒడ్డుకి లాగేటప్పుడు ఎవడి చెయ్యైనా సడలిందనుకోండి, పేట పెద్దలు వాడితో అనే మాట అది. నీ వల్ల కాదురా, తాడు ఒగ్గీ, ఇంకోడు పట్టుకుంటాడు అని. ఆ మాట పడ్డవాడు ఆ పూట ఇంటికి తిన్నగా పోడు. గురువులు చిన్నప్పుడు ఒడ్డు మీద అందరి ముందూ కన్నతండ్రి చేతే ఆ మాట అనిపించుకున్నాడు. అలాంటిది ఎదుటివాడు, అదీ తనని రెండుసార్లు ఓడించినవాడు, బావా అని వరస కలిపి మరీ చెవిలో ఊదితే ఒళ్ళు మండదా? ఢిల్లీ నుంచి వచ్చిన రిఫరీ ఇద్దర్నీ విడదీశాడు. విడదీసిన మరుక్షణం గురువులు కుడిచెయ్యి వెళ్ళి సన్యాసిరాజు ఎడమ కంటి మీద పడింది. సన్యాసిరాజు పడ్డాడు. రిఫరీ అంకెలన్నీ లెక్కపెట్టినా లేవలేదు.

"ఆడు ఒగ్గీమన్నాడు. నాను ఒగ్గనేదు." ఆ రాత్రి పేటలో భుజాలకెత్తుకున్నవాళ్ళతో గురువులు అన్న మాట ఇదే. ఆ మాటే మంత్రమైపోయింది. ఆయన పెళ్ళిలో అన్నాడు, పిల్లల పెళ్ళిళ్ళలో అన్నాడు, పోర్టులో రిటైరైన రోజున అన్నాడు. తర్వాత పేటలో పిల్లలకి బాక్సింగ్ నేర్పుతూ రోజూ అన్నాడు. ఇప్పటికీ సాధన ముగిసేటప్పుడు ఆయన "ఆడేటన్నాడు?" అని అరుస్తాడు, పిల్లలు "ఒగ్గీ!" అంటారు. "మనమేటన్నాం?" అంటే "ఒగ్గను!" అని పేట అదిరిపోయేలా కేకేస్తారు. వాళ్ళ బనీన్ల వెనక కూడా అదే మాట.

ఈ ఏడు ఆ బాక్సింగ్ క్లబ్బుకి కొత్త హాలు కట్టారు. ముందుగోడ మీద మనిషెత్తు ఎర్ర అక్షరాలతో 'ఒగ్గను' అని రాయించారు. గురువులు దగ్గర నేర్చుకుని ఇప్పుడు క్లబ్బు నడుపుతున్న నవీన్‌కి ప్రారంభానికి సన్యాసిరాజుని కూడా పిలవాలనిపించింది. పాత వైరం, ముసలి సింహాలు, ఒకే వేదిక, ఫోన్లో వీడియో తీసి పెడితే లక్షమంది చూస్తారని వాడి లెక్క. గురువులు లెక్క వేరు. ఆ పోటీ కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కొత్త పిల్లలు కథ వింటున్నారు గానీ, తాత కాస్త కలిపి చెబుతున్నాడేమోనన్న చూపు వాళ్ళ కళ్ళలో కనబడుతోంది. సన్యాసిరాజు పక్కన కూర్చుని తలూపితే చాలు. ఆ ఒక్క ఊపుతో జన్మంతా చెప్పుకున్న కథకి ముద్ర పడిపోతుంది. ఆయనకి కావలసింది అంతే, అంతకు మించి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

ఆయన భార్య పోతమ్మ మాత్రం వద్దంది. ఒకే ఊళ్ళో ఉంటూ ఇన్నేళ్ళుగా ఆ మనిషి ఈ వైపు తొంగి చూడలేదంటే ఏదో ఉంటుందని ఆమె గోల. గురువులు నవ్వేశాడు. ఓడినోడికి ఆ మాత్రం రోషం ఉండదా అన్నాడు.

ప్రారంభం రేపనగా గురువులు నవీన్ బండి వెనక కూర్చుని సన్యాసిరాజుని పిలవడానికి ఆటోనగర్ వెళ్ళాడు. లేత్ మిషన్ల మోతలో దారి అడుగుతూ పోతే చివరి సందులో ఒక రేకుల షెడ్డు కనబడింది. లారీ సీట్లకి కవర్లు కుట్టే చోటు. లోపల తెల్లజుట్టు మనిషి కుట్టుమిషను ముందు కూర్చుని నల్ల రెక్సిను ముక్కని వేళ్ళతో తడిమి చూసుకుంటూ కుడుతున్నాడు. అడుగుల చప్పుడు విని తల మొత్తం ఎడమ వైపుకి తిప్పాడు. కుడికన్నుతో చూడటానికి అంత తిప్పాలి. ఎడమ కన్ను గాజుగోళీలా తెల్లగా ఉంది.

గురువులు ఆ కన్ను చూశాడు. ముసలితనం, శుక్లాలేమో అనుకున్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడు.

సన్యాసిరాజు గుర్తుపట్టి లేచాడు. "గురువులు బావా," అన్నాడు. ఆ గొంతులో పగ లేదు, ఆశ్చర్యమే ఉంది. కుర్చీ లాగి రెక్సిను పోగులు దులిపి కూర్చోమన్నాడు. ఆయన భార్య గౌరీశ్వరి లోపలి నుంచి వచ్చి నవీన్‌కి మంచినీళ్ళిచ్చింది. గురువులుకి కూడా ఇచ్చింది గానీ, భర్త బావా అన్నవాణ్ణి అన్నయ్యా అనాల్సిన మనిషి ఏ వరసా కలపకుండా గ్లాసు బల్ల మీద పెట్టి గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది.

కాసేపు మోకాళ్ళ గురించీ షుగర్ గురించీ మాట్లాడుకున్నారు. నవీన్ ఫోను తీసి వీడియో మొదలెట్టాడు. గురువులు హాలు సంగతి చెప్పాడు, రేపు రావాలన్నాడు, శాలువా కప్పుతామన్నాడు. సన్యాసిరాజు కొంచెం సిగ్గుపడుతూ చూద్దాంలే అన్నాడు. వచ్చేలాగే ఉన్నాడు. గురువులుకి ఉత్సాహం పొంగింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. ఆగడం ఆయనకి ఎప్పుడొచ్చు గనక?

"ఆవేల నా సెవిలో ఒగ్గీ బావా అన్నావు, గుర్తుందా? అదే ఇప్పుడు మా గోడ మీద రాయించినాం. నువ్వు ఒగ్గీమన్నావు, నాను ఒగ్గనేదు. మా పేటలో సంటిపిల్లోడినడుగు, సెప్తాడు."

మిషను చక్రం మీదున్న సన్యాసిరాజు చెయ్యి ఆగిపోయింది. తల మళ్ళీ మొత్తం తిప్పి, మంచికన్నుతో గురువులు మొహంలోకి చూశాడు.

"నానన్నది నీకు ఇనపడిందా, బావా?"

"ఎందుకు ఇనపడదు? సెవిలోనే కదా అన్నావు," అన్నాడు గురువులు.

సన్యాసిరాజు మొహంలో నెత్తురు దిగిపోయింది. రెక్సిను ముక్క ఒళ్ళోంచి జారి కింద పడింది, తీసుకోలేదు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి గౌరీశ్వరి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఇనపడి ఉండదు, జనం గోలలో ఇనపడి ఉండదు అని నలభయ్యేళ్ళ నుండి నాకు సెప్తన్నాడు. మా అత్త సచ్చిపోయిందాకా నిన్ను తిట్టింది. ఈ మనిషి తిట్టనియ్యనేదు. ఇనుంటే కొట్టీవోడు కాదే, ఆడు మంచోడే అన్నాడు. నువ్వు ఇన్నావన్నమాట. ఇనీసి కొట్టినావన్నమాట."

గురువులుకి అర్థం కాలేదు. నవ్వాలో, కోపం తెచ్చుకోవాలో తెలియక నవీన్ వైపు చూశాడు. ఒగ్గీమని వెక్కిరించినవాణ్ణి కొట్టక ముద్దుపెట్టుకుంటారా అన్నాడు. వెక్కిరింపా, అంది గౌరీశ్వరి.

తర్వాత ఆమే చెప్పింది. కొండ వెనక ఊళ్ళలో కోతలయ్యాక కళ్ళంలో కుర్రాళ్ళు కుస్తీ పడతారు. కిందపడ్డవాడు, ఇక తన వల్ల కాదనుకున్నవాడు, పైవాడి చెవిలో "ఒగ్గీ, బావా" అంటాడు. అంటే నన్ను వదిలెయ్, ఓడిపోయాను అని. ఆ మాట గట్టిగా అనకూడదు, చెవిలోనే అనాలి. విన్నవాడు ఉన్నపళంగా పట్టు వదలకూడదు. ఇద్దరూ సమానంగా ఆపినట్టు మెల్లగా వదిలి, చెయ్యిచ్చి లేపాలి. ఆ మాట విన్నానని చచ్చేదాకా బయట చెప్పకూడదు. చెప్పినవాణ్ణి మళ్ళీ కళ్ళంలోకి రానివ్వరు.

ఆ రోజు రెండో రౌండులోనే సన్యాసిరాజు ఎడమ కంట్లో నల్లటి తెర దిగింది. ఆ పక్కనుంచి వచ్చే దెబ్బ కనబడటం లేదు. రిఫరీకి తెలుగు రాదు. చెయ్యెత్తి ఓటమి ఒప్పుకుందామంటే లారీలెక్కి వచ్చిన ఊరంతా ఎదురుగా కూర్చుని ఉంది. అందుకని తనకి తెలిసిన దారిలో, ఎదుటివాడు కూడా ఈ మట్టివాడే కదా అన్న నమ్మకంతో, చెవిలో అడిగాడు. మెల్లగా వదులు, గంట కొట్టేదాకా పైపైన ఆడి గెలిచిపో, ఈ కన్ను మాత్రం ఒదిలెయ్ అని. తర్వాత పడిన ఆ ఒక్క దెబ్బతో కన్ను పోయిందని డాక్టర్లన్నారు.

కంటికి అడ్డం పెట్టుకోవడానికన్నట్టు గురువులు చెయ్యెత్తాడు. ఎత్తింది కుడిచెయ్యి. అది చూసుకుని దించేశాడు. ఇన్నేళ్ళూ పిల్లలు ముద్దుపెట్టుకున్న చెయ్యి, జనం కళ్ళకద్దుకున్న చెయ్యి, ఇప్పుడు తనది కానట్టు అనిపించింది.

"మా కాడ ఒగ్గీ అంటే అది కాదు బావా," అన్నాడు చివరికి. "నీ వల్ల కాదు, తాడు ఒగ్గీ అని. నువ్వు నన్ను సేతకానోడన్నావనుకున్నాను. ఒట్టు. నా పిల్లల మీద ఒట్టు."

ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది. నిజం అంత పలచగా ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"మీ కాడ అలాగా," అన్నాడు సన్యాసిరాజు. నమ్మాడో లేదో తెలియదు. వంగి, చేత్తో నేల తడిమి, పడిపోయిన రెక్సిను ముక్క వెతుక్కుని మిషను తొక్కడం మొదలెట్టాడు. నవీన్ ఎప్పుడో ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. వాడి బనీను వెనక 'ఒగ్గను' అని ఉంది. బయటికి నడిచేటప్పుడు గౌరీశ్వరికి అది కనబడకూడదని వాడు గోడకి వీపు ఆనించి పక్కకి పక్కకి జరుగుతూ వెళ్ళాడు.

తిరుగుదారిలో గురువులు ఈ కథ ఎన్ని చోట్ల చెప్పాడో గుర్తుచేసుకుంటున్నాడు. టీ కొట్ల దగ్గర, పోర్టు క్యాంటీన్లో, పెళ్ళి పందిళ్ళలో, మద్దిలపాలెం బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళకి. ఒక మనిషి సిగ్గు చంపుకుని చెవిలో అడిగిన మాటని ఊరూవాడా డప్పు కొట్టాడు. దెబ్బ ఒక్కసారే కొట్టాడు. చాటడం నలభయ్యేళ్ళు చాటాడు. కన్ను పోగొట్టింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అనిపించింది.

పేటలో దిగగానే గోడ చెరిపించెయ్ అన్నాడు. నవీన్ తల పట్టుకున్నాడు. తెల్లారితే జనం వస్తారు, ఎందుకు చెరిపారంటే ఏం చెప్పాలి? జరిగింది చెబుదామా? చెబితే సన్యాసిరాజు ఓడిపోయానని అడిగిన సంగతి మళ్ళీ బయటపెట్టినట్టే, ఈసారి విడమరిచి మరీ పెట్టినట్టు. గురువులుకి తప్పు చేశానని చాటుకునే దారి కూడా లేకుండా పోయింది. పోతమ్మ ఏమైందని అడిగింది. పెళ్ళైనప్పటినుంచీ ఏదీ దాచడం తెలియని మనిషి మొదటిసారి ఏమీ లేదన్నాడు. అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే హాలు కిటకిటలాడింది. సన్నాయి, పూలదండలు, బనీన్లు వేసుకున్న పిల్లలు. రాడనుకున్న సన్యాసిరాజు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గౌరీశ్వరి చెయ్యి పట్టుకుని, మనిషెత్తు ఎర్ర అక్షరాల ముందునుంచి నడిచి లోపలికొచ్చాడు. అక్షరాల దగ్గర ఒక్క క్షణం ఆగి తల తిప్పి చదివాడని నవీన్ తర్వాత చెప్పాడు. వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. గురువులు కుర్చీ ఆయనకి ఎడమ పక్కన పడింది, కనబడని పక్కన. పక్కన కూర్చుని చిన్న గొంతుతో "ఒచ్చినావా బావా" అన్నాడు గురువులు. "పిలిసినావు కదా," అన్నాడు సన్యాసిరాజు, ఎదురుగా చూస్తూనే.

శాలువాలు అయ్యాయి. మైకు గురువులు చేతికిచ్చారు. ఆయన నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన గడియ ఇదే. కథ ఉంది, జనం ఉన్నారు, తలూపవలసిన సాక్షి పక్కనే ఉన్నాడు. గొంతు మాత్రం లేదు. ముసలాయన మురిసిపోయి మాట రాక నిలబడ్డాడనుకున్నారు జనం. పిల్లలకి ఓపిక ఉంటుందా? ఆయన అడగవలసిన ప్రశ్న వాళ్ళే అందుకున్నారు. "ఆడేటన్నాడు? ఆడేటన్నాడు?" అని నేల తన్నుతూ అరుస్తున్నారు. వాళ్ళలో వాళ్ళే జవాబు కూడా చెప్పుకుంటున్నారు. "ఒగ్గీ! ఒగ్గీ!" అన్న ప్రతి కేకకీ సన్యాసిరాజు చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం గురువులు చూశాడు. గౌరీశ్వరి కింద మొదటి వరసలో తల దించుకుని కూర్చుంది.

గురువులు మైకు బల్ల మీద పెట్టేశాడు. కుర్చీల వెనకనుంచి చుట్టూ తిరిగి, సన్యాసిరాజుకి కుడి పక్కకి, కనబడే పక్కకి వచ్చాడు. మోకాళ్ళు సహకరించకపోయినా కింద కూలబడ్డాడు. అరిచెయ్యి నేలకి ఆనించాడు. తర్వాత మోకాళ్ళ మీద నిలిచి నోరు ఆయన చెవి దగ్గర పెట్టాడు.

"ఒగ్గీ, బావా."

సన్యాసిరాజు కదల్లేదు. చాలాసేపు కదల్లేదు. పిల్లల కేకలు ఆగి, ఏమైందోనని జనం లేచి నిలబడుతున్నారు. గురువులు తల ఎత్తలేదు. ఇప్పుడు ఆయన ఏం చేసినా తను పడాలి. తోసేసినా పడాలి, కొట్టినా పడాలి, నలుగురికీ చెప్పినా పడాలి.

అప్పుడు ఒక చెయ్యి వచ్చి ఆయన మోచేతి కింద పట్టుకుంది. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన చెయ్యి. ఉన్నపళంగా లాగలేదు. మెల్లగా, ఇద్దరూ కలిసి లేస్తున్నట్టుగా లేపింది. నిలబడ్డాక గురువులు ఆ చేతి వైపే చూశాడు. ఇంతేనా? ఆ రోజు తను చెయ్యవలసిందల్లా ఇంతేనా? ఇంత చిన్న పనా?

కార్యక్రమం నడిపిస్తున్న కుర్రవాడికి ఇవేవీ తెలియవు. మంచి ఘట్టం దొరికిందని మైకు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గురువులు తాత మీ చెవిలో ఏదో అన్నాడు, ఏమన్నాడో మాక్కూడా చెప్పండి తాతా అంటూ సన్యాసిరాజు నోటి ముందు పెట్టాడు. హాలంతా గొంతు కలిపింది. "ఆడేటన్నాడు? ఆడేటన్నాడు?"

సన్యాసిరాజు తల మొత్తం తిప్పి గురువులుని ఒకసారి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"ఏటీ అన్నేదు," అన్నాడు. "కాలు తూలింది, లేపినాను. అంతే."